అచ్చొచ్చిన బీడ్లు

పొద్దున లేచింది మొదలు ఆ అమ్మాయి కాలు ఒకచోట నిలవలేదు. బ్రష్షు నోట్లో పెట్టుకుని వంటింట్లోకి, అక్కణ్ణించి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి మళ్లీ వంటింట్లోకి. తను పొయ్యి మీద పెట్టిన పాలు తన కళ్ల ముందే పొంగిపోతున్నా చూస్తూ నిలబడింది.

"కాలుకాలిన పిల్లిలా తిరక్కే తల్లీ, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది అత్తగారు పొయ్యి తుడుస్తూ. "ఆ ఫౌండేషన్ వాళ్లకి పంపాల్సింది ఇవాళేగా? పంపెయ్, పీడా వదులుతుంది."

"సాయంత్రం అయిదింటిదాకా టైముంది అత్తయ్యా. పంపడానికి అంతా రాసే ఉంది. కానీ నా రియాక్షన్ పనిచెయ్యడం లేదు."

"మొన్నటిదాకా చేసిందన్నావు?"

"పదిరోజుల కిందటిదాకా చేసింది. పదకొండు సార్లు చేసింది. ఇప్పుడు చచ్చినా చెయ్యనంటోంది."

"అలిగిందేమో," అంది ఆవిడ. "బతిమాలాలి."

నవ్వొచ్చే మాటే. కానీ కోడలికి నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

రంగుల కంపెనీ పెట్టి బాగా గడించిన ఒక ముసలాయన, పోయేముందు ఉన్నదంతా ఒక ఫౌండేషన్‌గా పెట్టి పోయాడు. సొంతంగా ల్యాబు మొదలుపెట్టి అయిదేళ్లు దాటని రసాయనశాస్త్రం వాళ్లకి ఏటా ఆరుగురికి అది గ్రాంటు ఇస్తుంది. అయిదేళ్లు దాటిన మర్నాడు వెళ్లి ఎంత మొత్తుకున్నా ఆ గడప తొక్కనివ్వరు. మన అమ్మాయికి అయిదో ఏడు ఈ నెలతో ఆఖరు. ఈ గ్రాంటు వస్తే ల్యాబు నిలుస్తుంది. రాకపోతే ఆ గది ఇంకొకరిది అవుతుందని డిపార్టుమెంటు పెద్ద మర్యాదగానే చెప్పాడు. అలాంటి మాటలు మర్యాదగా చెబితేనే ఎక్కువ గుచ్చుకుంటాయి.

ఆ గదిలో ఆమెకు ముందు ముప్ఫయ్యేళ్లు ఒక ప్రొఫెసరుగారు పనిచేశారు. ఆయన రిటైరై వెళుతూ గాజు సామానూ, బల్లలూ, బీరువాలూ అన్నీ ఆమెకే వదిలారు. అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్లు. అందుకని ఈమె చిన్నమేడం అయింది. పెద్దసారు ముప్ఫయ్యేళ్లూ పల్లాడియం అనే లోహంతోనే కాపురం చేశారు. బంగారంతో పోటీపడే ఖరీదు దానిది. రెండు అణువుల్ని కలిపి ఒకటి చెయ్యాలంటే పెళ్లిళ్ల పేరయ్యలా మధ్యన ఆ లోహం ఉండాల్సిందే. చిన్నమేడం కనిపెట్టిన సంగతేమిటంటే, ఆ లోహమేమీ లేకుండానే ఆ రెండూ కలుస్తాయని. ఫౌండేషన్ వాళ్లకి మొదట ఒక పేజీ ఉత్తరం పంపింది. 'లోహం లేకుండా జత కలపడం' అని దానికి పేరు పెట్టింది. నాలుగొందల ఉత్తరాల్లో నలభై మిగిలితే, అందులో ఈమెదొకటి. ఇక మిగిలింది ఇవాళ పంపాల్సిన అసలు దరఖాస్తు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది ఇప్పుడు.

ల్యాబుకెళ్లేసరికి ఆమె విద్యార్థిని, అందరూ పొడుగుపిల్ల అని పిలిచే అమ్మాయి, తలుపు దగ్గరే ఎదురొచ్చింది.

"రాత్రి పెట్టి వెళ్లింది కూడా అంతే మేడం. వేసింది వేసినట్టే ఉంది."

"సీసాలు?"

"అన్నీ పాతవే. ఏ డబ్బాలోదీ మార్చలేదు. వేడి అంతే, టైము అంతే. నా చెయ్యి మంచిది కాదేమో మేడం."

"నీ చెయ్యి బంగారం. నా మీద ఒట్టు, ఇంకోసారి ఆ మాటనకు."

అంటూనే గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. ఒక సీసా ఎత్తి చూసి పెట్టింది. నోటుపుస్తకం తీసింది, మూసింది. మళ్లీ అదే పేజీ తీసింది. అనుమానం రావాల్సిన సీసాలన్నింటినీ నెల కిందటే వేరే చోట పరీక్ష చేయించింది, వాటిలో లోహం జాడ ఉందేమోనని. ఏ సీసాలోనూ లేదు. మరి పదిరోజుల్లో ఏం మారింది?

తొమ్మిదింపావుకి తలుపు తోసుకుని పిన్ని వచ్చింది. పిన్ని అంటే ఎవరికీ వరసకు పిన్ని కాదు. పాతికేళ్లుగా ఆ అంతస్తులో గాజు సామాను కడిగే మనిషి. పెద్దసారు ఉన్నప్పుడు కూడా ఆవిడే కడిగేది. కూతురి కాన్పుకని పదిరోజులు సెలవు పెట్టి వెళ్లి, ఆ పొద్దునే తిరిగొచ్చింది.

"మనవరాలమ్మా! మూడు కిలోలు! అరుపు మాత్రం ముప్ఫై కిలోలది," అంటూనే తొట్టి కేసి చూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో అయ్యో, నేను లేకపోతే ఇదా మీ భాగోతం? ఒక్క ఫ్లాస్కయినా తిన్నగా కడిగారా? ఏమే పొడుగుపిల్లా, ఆ బ్రష్షు చేతబడితే పొట్టిదానివయిపోతావా?"

"కడిగాను పిన్నీ..."

"కడిగావులే. పిల్లి మొహం కడిగినట్టు." పిన్ని సింకు కింద వంగి ఒక పాత కాఫీ డబ్బా బయటికి లాగింది. మూత తీసి చూసి, నొసలు ముడేసింది. "ఇదేమిటి, వీటిని ముట్టుకోనే లేదు?"

"ఏవి పిన్నీ?" అంది చిన్నమేడం, నడక ఆపకుండానే.

"మీ బీడ్లమ్మా."

బీడ్లంటే తెలియనివాళ్లకి చెప్పాలి. ఫ్లాస్కులో ద్రవాన్ని గరిటెతో కలపరు. వేలి కణుపంత అయస్కాంతం ముక్క, పైన తెల్లటి ప్లాస్టిక్ తొడుగు వేసింది, అందులో పడేసి, ఫ్లాస్కుని మీట ఉన్న పెట్టె మీద పెడతారు. మీట తిప్పితే అది లోపల గిరగిరా తిరుగుతుంది. దాన్నే బీడ్ అంటారు. చవక వస్తువు. కూర పాడైతే కూరని అనుమానిస్తాం, ఉప్పుని అనుమానిస్తాం. గరిటెను అనుమానించేదెవరు?

"నా బీడ్లేమిటి?" చిన్నమేడం నడక ఆగింది.

"అదేమ్మా, రెండేళ్ల కిందట మీకు మొదటిసారి అది వచ్చినరోజున మీరే అన్నారుగా. ఫ్లాస్కులోంచి బీడ్ తీసి నా చేతిలో పెట్టి, 'పిన్నీ, ఇది నాకు అచ్చొచ్చింది, పారెయ్యకు' అన్నారు. సరేనని అప్పట్నుంచీ అలాంటివి ఏరి విడిగా పెడుతున్నాను. మీ పనుందని తెలిస్తే ఇందులోవే కడిగి బల్లమీద పెట్టేదాన్ని. నేను లేను కాబట్టి వీళ్లు కొత్త ప్యాకెట్టు చింపుకుని ఉంటారు."

చిన్నమేడం డబ్బా అందుకుంది. లోపల ఎనిమిది బీడ్లు. ఒక్కటీ తెల్లగా లేదు. అన్నీ బూడిదరంగు.

"ఇవి పెద్దసారు వాడినవా?"

"మరి ఎవరివి? ముప్ఫయ్యేళ్లు ఆయన తిప్పినవే. ఎంత తోమినా ఆ రంగు పోదు. మొండి మచ్చ."

పొడుగుపిల్ల నోరు తెరిచి, చేత్తో మూసుకుంది. చిన్నమేడం మాత్రం డబ్బాలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ గదిలో ఆ పొద్దున ఆమె కదలకుండా నిలబడింది ఆ ఒక్క నిమిషమే.

తరవాత ఒక్క క్షణం వృథా చెయ్యలేదు. చచ్చినట్టు పడున్న రాత్రి ఫ్లాస్కులోని ద్రవాన్ని రెండింటిలోకి సగం సగం పోసింది. ఒకదాంట్లో ప్యాకెట్టులోంచి తీసిన తెల్లటి బీడ్. ఇంకోదాంట్లో డబ్బాలోని బూడిదరంగుది. రెండింటికీ ఒకే వేడి, ఒకే వేగం. రెండు గంటలు ఆగాలి.

ఆ రెండు గంటలూ ఆమె ఎలా గడిపిందో వరండాలో గచ్చుని అడగాలి. మెట్లు దిగింది, ఎక్కింది. టీ మిషను దగ్గర కప్పు పెట్టి, మీట నొక్కి, కప్పు అక్కడే వదిలి వచ్చేసింది. మనసులో రెండు కోరికలు కొట్టుకుంటున్నాయి. బూడిదరంగుది పనిచెయ్యాలి, చేస్తే పదిరోజుల చిక్కు విడిపోతుంది. బూడిదరంగుది పనిచెయ్యకూడదు, చేస్తే రెండేళ్ల మాట నీళ్లపాలవుతుంది.

పన్నెండు కొట్టేలోపు రెండు ఫ్లాస్కుల్లోంచీ చెరో చుక్క సన్నటి పలక మీద వేసి, ఊదారంగు దీపం కింద పెట్టారు. రెండూ కలిసి కొత్త పదార్థం పుట్టి ఉంటే అక్కడ కొత్త మచ్చ కనబడాలి. తెల్ల బీడ్ వైపు కొత్తగా ఏమీ లేదు. బూడిదరంగు వైపు కొత్త మచ్చ నల్లగా, గుండ్రంగా, నిక్షేపంగా కూర్చుంది.

"ఇంకోసారి," అంది చిన్నమేడం.

ఇంకోసారీ అంతే. రెండయింది.

"ఏమయిందమ్మా?" అంది పిన్ని, చేతులు తుడుచుకుంటూ. అందరి మొహాలూ చూసి భయపడిపోయింది. "నేనేమైనా చెడగొట్టానా?"

"లేదు పిన్నీ. లోహం లేదు లేదు అంటూ రెండేళ్లు డప్పు కొట్టాను. పెద్దసారు లోహం ఈ బీడ్లకి పట్టేసి ఉంది. పని చేసింది అది. పేరు నేను కొట్టేశాను."

"నేను దాచబట్టే కదా..."

"అచ్చొచ్చింది దాచమంది నేను. నోరు నాది, తప్పు నాది. నువ్వు దాచకపోతే ఇవాళ తెలిసేదే కాదు."

భర్తకి ఫోను చేసింది. ఆయన అచ్చాఫీసులో పనిచేస్తాడు. వెనక మిషన్ల మోతలో అరిచి మాట్లాడటం అలవాటు.

"పదకొండు సార్లు వచ్చిందా లేదా?" అన్నాడు అంతా విని.

"వచ్చింది."

"నువ్వు రాసిన అంకెల్లో ఒక్కటైనా అబద్ధముందా?"

"లేదు."

"మరి పంపెయ్. రాసినప్పుడు నీకు తెలియదుగా."

"ఇప్పుడు తెలుసుగా."

ఆయన మిషన్లకి దూరంగా నడిచినట్టున్నాడు, మోత తగ్గింది. తరవాత గొంతు తగ్గించి అన్నాడు, "ల్యాబు పోతుందే."

"ఊఁ."

"మా దగ్గర అచ్చయిపోయాక తప్పు కనబడితే ఒక చీటీ అచ్చేసి అంటిస్తాం. నువ్వింకా అచ్చే వెయ్యలేదు కదా. అయిదింటిదాకా ఉంది. రాయి."

కూర్చుంది. పన్నెండు పేజీల్లో ఎనిమిది తీసిపారేసింది. లోహం లేకుండా కాదు, బీడ్ పైపొరలో ఇంకిన కంటికి కనబడనంత లోహంతో ఇంత పని ఎలా జరిగిందో, ఎంత తక్కువతో జరుగుతుందో, ఎన్ని ల్యాబుల్లో ఇలాంటి బీడ్లు జనాన్ని మోసం చేస్తున్నాయో వెతుకుతానని రాసింది. ఇవాళ చేసిన రెండు పరీక్షలూ పెట్టింది. ఇంకా రుజువు కావలసినవేమిటో అవీ దాచకుండా పెట్టింది. రాస్తున్నంతసేపూ బల్లకింద కాలు టకటకా కొట్టుకుంటూనే ఉంది. పొడుగుపిల్ల లెక్కలు సరిచూస్తుంటే, పిన్ని తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లని వచ్చినట్టే తరిమేసింది.

"మేడం లేరు. ఉన్నారు గానీ లేరు. రేపు రండి."

నాలుగూ నలభైకి ఫౌండేషన్ వాళ్ల ఫారం తెరిచింది. అక్కడొచ్చింది అసలు తంటా. అన్ని గళ్లూ మార్చుకోవచ్చు గానీ, పైన శీర్షిక గడి ఒక్కటి మారడం లేదు. మొదటి ఉత్తరానికి పెట్టిన పేరే ఉండాలట. 'లోహం లేకుండా జత కలపడం' అని బూడిదరంగు అక్షరాలతో తాళం వేసుకుని కూర్చుంది.

"ఫోను చెయ్యండి మేడం!" అంది పొడుగుపిల్ల.

చేసింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. నాలుగూ యాభై.

అడుసు తొక్కాం, ఇక కాలు కడగడానికి సిగ్గెందుకు అనుకుంది. కింది గడిలోకి వెళ్లి, దరఖాస్తు మొదటి వాక్యంగా ఇలా కొట్టింది: 'పై శీర్షిక తప్పు. తప్పని ఈ పొద్దున తెలిసింది. ఎలా తెలిసిందో, దానివల్ల ఏం చేయదలిచానో కింద రాస్తున్నాను.'

నాలుగూ యాభై ఆరుకి పంపింది.

ఆ తరవాత మూడువారాలు ఆ ఇంట్లో పాలు పొంగని రోజు లేదు. అత్తగారు చివరికి పాలగిన్నె కోడలి చేతికివ్వడమే మానేసింది. డిపార్టుమెంటు పెద్ద ఒకసారి వచ్చి కిటికీలకి కొలతలు తీసుకుని వెళ్లాడు, కర్టెన్లకట. ఎవరి కర్టెన్లకో చెప్పలేదు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం ల్యాబులో ఫోను మోగింది. ఫౌండేషన్ కార్యదర్శి. పెద్దావిడ గొంతు.

"అమ్మా, మీ దరఖాస్తులో మొదటి వాక్యం... శీర్షిక తప్పు అని ఉంది. పొరపాటున పడిందా?"

"లేదండీ. పొరపాటు శీర్షికదే. వాక్యం కావాలని రాశాను."

"ఇరవయ్యేళ్లనుంచి దరఖాస్తులు చూస్తున్నాను. తన శీర్షికని తనే తిట్టుకున్నవాళ్లు మీరే." ఆవిడ ఏదో కాగితం తిరగేసిన చప్పుడు వినిపించింది. "ఇస్తారని నేను చెప్పలేను. కమిటీలో ఒకాయన ఇది దరఖాస్తే కాదంటున్నారు. మరొకాయన మాత్రం అది చదివి వెంటనే తన ల్యాబుకెళ్లి బీడ్లన్నీ బల్లమీద పోయించారట. అప్పట్నుంచీ ఆయనకి నిద్ర లేదు. పదిహేనో తారీఖు పదింటికి ఇంటర్వ్యూకి రండి. ఆ డబ్బా వెంట తెమ్మన్నారు."

ఫోను పెట్టేసి చిన్నమేడం గదంతా రెండు చుట్లు తిరిగింది. పొడుగుపిల్ల కూడా ఆమె వెనకే తిరిగింది, సంగతేమిటో చెబుతుందేమోనని.

"పిన్నీ! ఆ కాఫీ డబ్బా ఎక్కడ?"

"ఎక్కడుంటుంది, సింకు కిందే." పిన్ని అప్పటికే వంగి తీసింది, కానీ చేతికివ్వలేదు. "తీసుకెళితే తీసుకెళ్లండి గానీ, మళ్లీ అచ్చొచ్చిందని మాత్రం అనకండమ్మా. ఈసారి దాచడం నావల్ల కాదు."

"అనను. ఎనిమిదీ ఉన్నాయా?"

"లెక్కపెట్టుకోండి," అంది పిన్ని. "ఏడుంటాయి. అక్కడ ఇవి పోతే మీకు పనికొస్తుందని ఒకటి విడిగా పెట్టాను."