ఎర్రదారం ప్లగ్గు

ఇంటి ముందున్న మా మెకానిక్ షెడ్డు ఊడుస్తుంటే చెత్తలో నా ఎర్రదారం కనబడింది. దారం చివర వేలెడంత ప్లగ్గు. చీపురు ఆగిపోయింది.

అది పళ్ల డాక్టరమ్మ బండిది. ఇక రోడ్డెక్కదు, రేసు ట్రాక్ మీదే తిరుగుతుంది, అలా మార్చండి అని ఇచ్చింది. హెడ్‌లైటు, ఇండికేటర్లు, హారను, సైడ్ స్టాండు అన్నీ పీకేశాం. పీకేశాం అంటే నేను పీకాను, మా ఆయన టీ తాగాడు. ఈ కాలం బండ్లు వట్టి అనుమానప్పక్షులు. స్టాండు తీసేస్తే అదింకా కిందే ఉందనుకుని, గేరు వెయ్యగానే ఇంజను ఆపేస్తాయి. అందుకే స్టాండు దగ్గరి రెండు వైర్లనూ కలిపే ప్లగ్గొకటి చేసి పెట్టాను. స్టాండు పైనే ఉంది, నువ్వు పదవే తల్లీ అని బండికి చెప్పడమే దాని పని. నాకు అక్షరం ముక్క రాదు గనక గుర్తుకి దారాలు కడతాను. పసుపుది లైటుకి, ఎర్రది స్టాండుకి. అయితేనేం, ఓసారి మొరాయించిన బండిని ఇలా ముట్టుకున్నానో లేదో, పక్కవీధిలో చచ్చిపడున్న మూడు బండ్లు కూడా లేచి కూర్చున్నాయి. నమ్మకపోతే మానేయండి.

నిన్న డాక్టరమ్మతో మా ఆయన, "వైరింగంతా నేనేనండీ. మా ఆవిడ తుడుస్తుంది, అంతే" అన్నాడు. ఆవిడ వెళ్లాక నాతో, "ఈ దారాలేంటే, బండికి జడేశావా? నవ్విపోతారు" అన్నాడు. పొద్దున్నే దారాలు లాగిపారేసి, బండిని వ్యానెక్కించి రేసు ట్రాక్‌కి తీసుకెళ్లాడు. ఎర్రదారంతో పాటు ప్లగ్గూ ఊడొచ్చిందని చూసుకోలేదన్నమాట.

ఫోను మోగింది.

"ఒసేయ్, న్యూట్రల్లో బానే ఉంటోంది, గేరెయ్యగానే చస్తోంది. అందరూ చూస్తున్నారు. ఏం చేశావే?"

"ఎర్రదారం ఎవరు లాగారు?"

గొంతు తగ్గించి, "సరే, ఏం చెయ్యాలో మెల్లగా చెప్పు. ఆవిడకి వినబడకూడదు" అన్నాడు.

వంటగదిలోంచి అత్తయ్య కేకేసింది. "ఏమయిందే? వాడికేమన్నా ఇబ్బందా?"

పదకొండేళ్లుగా ఈ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు. నాకు జ్వరమొచ్చినా, నేను చేసిన పని ఆయన తన పేరున చెప్పుకున్నా, ఏం లేదత్తయ్యా, అంతా బాగానే ఉంది. నేనలా అంటుంటేనే ఈ ఇల్లు కదులుతుంది. అరచేతిలో ప్లగ్గు చూసుకున్నాను. ఇంత చిన్నది.

"ఫోను డాక్టరమ్మకివ్వండి."

"పిచ్చా నీకు?"

"అయితే బండిని తోసుకుంటూ రేసు తిప్పండి."

ఇచ్చాడు.

"అమ్మా, ఆ వైరింగు చేసింది నేను. ఊడిన ముక్క నా దగ్గరుంది, అరగంటలో తెస్తా. ఈలోగా బండిని ఎవర్నీ ముట్టనివ్వకండి."

"ఎవర్నీ అంటే?" అందావిడ.

"ఎవర్నీ."

చీపురు గోడకి ఆనించి స్కూటరు తాళం తీసుకున్నాను. అత్తయ్య గుమ్మంలోకొచ్చి మళ్లీ అడిగింది.

"మీ అబ్బాయికి వైర్ల పని రాదత్తయ్యా," అన్నాను. "ఎప్పుడూ రాలేదు."