నూట ఇరవై, మూడుసార్లు

నేను ఒక పలకను. బడికి పోయే పలకను కాదు లెండి, సముద్రం అడుక్కి పోయే పలకను. విశాఖలో ఒక షెడ్డులో తెల్లటి ప్లాస్టిక్ షీటును రంపంతో కోసి, మూలన బెజ్జం వేసి, దారంతో పెన్సిల్ కట్టారు. నీళ్ళ అడుగున మాట వినబడదు కనుక మునిగేవాళ్ళకు నోరు నేనే.

మొదట చేపల మీద పరిశోధన చేసే ఒకావిడ నన్ను కొనుక్కుని నా మీద చేపల బొమ్మలు వేసేది. పని అయిపోయి ఊరు విడిచి వెళ్తూ నన్ను పోలారావు చేతిలో పెట్టింది. పోలారావు జాలరిపేట మనిషి. మునిగిపోయిన పడవల ఇంజన్లూ లంగర్లూ పైకి తీయడం అతని పని. ఇరవై ఏళ్ళ అనుభవం. దాన్ని రోజుకు ఇరవైసార్లు చెప్పేవాడు.

బాగా లోతుకు పోతే పీల్చే గాలే మత్తెక్కిస్తుంది. గాలిలోని నైట్రోజన్ ఆ ఒత్తిడికి తలకెక్కుతుంది. కల్లు తాగినవాడికి తాగానన్న సంగతైనా తెలుస్తుంది, ఈ మత్తులో ఉన్నవాడికి అదీ తెలియదు. "నాకెప్పుడూ ఎక్కనేదు" అనేవాడు పోలారావు. ఎక్కిందో లేదో నన్నడగాలి! లోతున అతను రాసిన అక్షరాలు వంకర్లు పోయేవి, ఒక్కోసారి ఒకే మాట రెండుసార్లు పడేది. ఒడ్డుకు రాగానే, నా వంకైనా చూడకుండా, గుప్పెడు ఇసుకతో నన్ను శుభ్రంగా తోమేసేవాడు.

ఒక ఉదయం ముప్ఫై ఎనిమిది మీటర్ల లోతున పడిన ఇంజన్ కోసం దిగాడు. అతని బావమరిది చిట్టెయ్య ఇరవై మీటర్ల దగ్గర తాడు పట్టుకుని కనిపెట్టుకుని ఉన్నాడు. వాళ్ళకొక పద్ధతి ఉంది. అడుగున ఉన్నవాడు మూడు నిమిషాలకొకసారి గాలి మీటరు చూసి, సిలిండర్లో మిగిలిన గాలి ఎంతో నా మీద రాయాలి. యాభైకి వస్తే పని ఎక్కడిదక్కడ వదిలేసి పైకి రావాలి.

పోలారావు 120 అని రాసి, ఇంజన్‌కు తాడు చుట్టడం మొదలుపెట్టాడు. మూడు నిమిషాలయ్యాక మీటరు చూడాల్సినవాడు నన్ను చూశాడు. నా మీద 120 అని ఉంది. దాని కిందే, ఎంతో శ్రద్ధగా, మళ్ళీ 120 అని రాశాడు. అయ్యో రామా! నన్ను కాదురా, మీటరు చూడు అని నేనెంత అనుకుంటే ఏం లాభం? పెన్సిల్ అతని చేతిలో ఉందాయె. మూడోసారీ నన్నే చూశాడు, మూడోసారీ 120. పైగా కులాసాగా తలాడించాడు. మీటరు ముల్లు అప్పటికే యాభై దాటి కిందికి పోతోంది. ఇంకో ఐదారు నిమిషాలు అలాగే ఉంటే మనిషి దక్కేవాడు కాదు. నాకు భయమేసింది.

ఇంతసేపైనా రాలేదేమని చిట్టెయ్య దిగి వచ్చాడు. వస్తూనే నన్ను చూశాడు. పీలుస్తూ ఉంటే గాలి తరగకపోవడమేమిటి? మీటరు తిప్పి చూస్తే నలభై! ఇంజన్ వదలనని మొండికేస్తున్న బావను చంక కింద పట్టుకుని, మెల్లగా పైకి తెచ్చాడు.

పడవెక్కగానే పోలారావు విరుచుకుపడ్డాడు. "ఎందుకురా లాక్కొచ్చీసినావు? నాకేటయ్యిందని?"

చిట్టెయ్య నన్ను అతని మొహం ముందు పెట్టాడు. "సూడు బావా. మూడుసార్లూ ఒకటే రాసినావు. నువ్వు పైకి రాకపోతే మా అక్కకి ఏటని సెప్పాలి నేను?"

పోలారావు ఒక్కో 120 మీదా వేలు పెట్టి చూశాడు. "నా రాతేరా ఇది. రాస్తన్నప్పుడు శానా బాగున్నాననే అనుకున్నాను."

ఒడ్డుకొచ్చాక అలవాటుగా గుప్పెడు ఇసుక తీశాడు. ఈసారి నా వంక చూసి, ఇసుక కింద పోసేశాడు.

అప్పటి నుంచి అతని షెడ్డు గోడకు, మేకున వేలాడుతున్నాను. నీళ్ళ మొహం చూసి నాలుగేళ్ళయింది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ పోలారావు ముందు నన్నే చూపించి ఆనాటి సంగతి చెబుతాడు. ఈరోజు కూడా, దిగడానికి సిలిండర్ తగిలించుకుని వచ్చిన ఒకాయన నన్ను చూసి నవ్వాడు. "నేనైతే ఇలాటి పని సెయ్యనండీ" అన్నాడు.

"నేనూ ఇరవై ఏళ్ళు ఇదే మాటన్నాను బాబూ" అని పోలారావు ఆయన భుజం మీది సిలిండర్ దింపి, పక్కన పెట్టేశాడు.