తోకున్న చుట్టాలు

పుష్పావతి ఇంట్లో చుట్టాలు దిగి పదైదు దినాలైందంట. మూడు దినాల నుంచి వాళ్లకు ఒక్క గింజ విదిలించడం లేదంట. పైగా, “ఇంగ ఎవరన్నా వస్తే బోనులో పడాల్సిందే, మూత పడాల్సిందే” అని మొగునితో అంటాంటే, గోడవతల నిలబడి ఆదెమ్మ చెవులారా వినిందంట.

కొళాయి దగ్గర బిందె నిండేలోపు ఆదెమ్మ ఈ సంగతి నలుగురికి చెప్పింది. ఆ పల్లె నుంచి ఆళ్లగడ్డ మూడు మైళ్లు. మధ్యాహ్నానికి మాట అక్కడికి చేరి నంద్యాల బస్సెక్కింది. బస్సు దిగేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచాయి. చుట్టాలంటే ఎవరో కాదు, పుష్పావతి మొగుడు ఓబులేసు అక్క సుంకులమ్మేనని తేలిపోయింది. నంద్యాలలో కాపురముంటున్న సుంకులమ్మ పోయిన నెలలోనే తమ్ముడి ఇంట్లో పది రోజులు ఉండి వచ్చింది మరి.

తన ఇంటి మాట ఇంత దూరం పోయిందని పుష్పావతికి తెలియదు. ఆమె ధ్యాసంతా దొడ్లో ఉంది. నల్లకోడిని పదమూడు గుడ్ల మీద పొదగేసి అప్పటికి పన్నెండు రోజులు. ఇంకా తొమ్మిది.

చుట్టాలంటే ఎలుకలు. ఆ ఇంట్లో ఆ మాట పలకరు. పలికితే అవి వింటాయనీ, విని పగబడతాయనీ ఓబులేసు వాళ్ల అమ్మ నాటి నుంచి వస్తున్న నమ్మకం. దానికి సాక్ష్యం కూడా ఉంది. నిరుడు పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి తమ పల్లెకు వచ్చే ముందురోజు ఓబులేసు కొత్త పంచె కొన్నాడు. ఆ ఉత్సాహంలో నడింట్లో నిలబడి, “ఈ ఎలుకల పని పడతా, రేపే మందు పెడతా” అని గట్టిగా అన్నాడు. తెల్లారి చూస్తే పెట్టెలో పంచె జల్లెడైపోయింది. పక్కనున్న పాత లుంగీని మాత్రం అవి ముట్టనైనా లేదు. అప్పటి నుంచి ఆయన గొంతు తగ్గించి “చుట్టం” అనే అంటాడు. పుష్పావతి నవ్వుకునేది. ఒక్క మాట కోసం మొగుడితో తగవెందుకని తనూ అలాగే అనడం అలవాటు చేసుకుంది.

నవ్వుకునే రోజులు పోయాయి. మొదటి పొదుగులో పదకొండు పిల్లలు లేచాయి. వారం తిరిగేసరికి మూడు మిగిలాయి. రెండో వారానికి తల్లికోడి ఒక్కటే గూడంతా తిరుగుతూ కొక్కొక్కోమని పిలుచుకుంది. ఆ అరుపు వినలేక పుష్పావతి రెండు రోజులు దొడ్డి తలుపు మూసి పెట్టింది. నల్లకోడిని మళ్లీ పొదగేసిన నాడే ఓబులేసు తీర్పు చెప్పాడు.

“ఇదే ఆఖరు, చెప్తాండా. ఈ పొదుగు గూడ చుట్టాల పాలైతే గూడు పీకేసి ఆడ నా బండి పెట్టుకుంటా. ఎండకు సీటు పగిలిపోతాంది.”

“పిల్లలు లేసినాక మాట్లాడు,” అంది పుష్పావతి.

ఆ గూడు ఆమె చేతిది. పెళ్లైన ఏడాదే తనే మట్టి తొక్కి, తనే గోడ పెట్టుకుంది. ఊళ్లో ఎవరింట కాన్పు జరిగినా బాలింతకు పెట్టే మొదటి కోడిని పుష్పావతి దొడ్లోనే అడుగుతారు. ఒక బండి సీటు కోసం దాన్ని వదులుకునే మనిషి కాదామె.

మర్నాడు ఓబులేసు ఆళ్లగడ్డ నుంచి వచ్చి, కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టి గుసగుసగా, “మందు” అన్నాడు.

“ఎవరికి?”

“ఎవరికేందీ? చుట్టాలకు.”

“తిన్న చుట్టం యాడ పడి చస్తాదో నీకు చెప్పి పోతాదా? చచ్చినదాన్ని కోళ్లు పొడిచినాయనుకో, ముందు పొయ్యేది నా కోళ్లే. కొన్నచోటే ఇచ్చి రా, పో.”

“వాపసు తీసుకోడమ్మే.”

“తీసుకునేదాకా ఆడనే నిలబడు.”

ఓబులేసు నిలబడ్డాడు. కొట్టతను తీసుకున్నాడు. పెళ్లాంతో మాట్లాడటం కంటే అదే సులువనిపించింది ఆయనకు.

పుష్పావతి చేసిన మొదటి పని కన్నాలు లెక్కపెట్టడం. దొడ్లో ఏడు కనపడ్డాయి. ఏడింటికీ తడిమన్ను కూరింది. తెల్లారి చూస్తే ఐదు కూరినవి కూరినట్టే ఉన్నాయి. రెండు తెరుచుకున్నాయి. ఆ రెండూ ఆదెమ్మ గోడ వారనే. గోడకు అవతల ఆదెమ్మ పేర్చుకున్న కందికట్టె, పత్తికట్టె నిలువెత్తు ఉంది. దానికి ఆనుకునే ఆమె శనగల మూటలు దాచే కొట్టం.

“ఆదెమ్మక్కా, కట్టెలు గోడకు కొంచెం ఎడంగా జరుపుకుంటావా? కింద కన్నాలుండాయి,” అని అడిగింది పుష్పావతి.

“కన్నాలు నీ పక్క కనపడతాండాయి గదా, నీవే అవి. నా కట్టెలు నా దొడ్లో ఉండాయి. నీ కోళ్లకు నేను కాపలానా?” అంది ఆదెమ్మ.

ఇంక ఆమెతో పని లేదనుకుని పుష్పావతి తన పని తను చూసుకుంది. నంద్యాల పోయి మహానందయ్య ఇనుప సామాన్ల అంగట్లో జాలీ అడిగింది.

“కోళ్ల గూటికా తల్లీ? ఇదిగో, అందరూ తీసకపొయ్యేది ఇదే,” అని ఆయన ఒక చుట్ట దించాడు.

పుష్పావతి జాలీ కంతలో తన బొటనవేలు దూర్చి చూపించింది. “ఇది పట్టిందంటే పిల్ల చుట్టం పడతాదన్నా.”

“చుట్టమా?” మహానందయ్య కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

గల్లాపెట్టె మీద వినాయకుడి పటముంది. పుష్పావతి గడ్డంతో అటు చూపించింది. “ఆయన కాళ్ల కాడ కూచోనుంది చూడు, ఆ చుట్టం.”

మహానందయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. “మా అంగట్లో గూడ ఉండారమ్మా మీవాళ్లు!” అంటూ లోపలికి పోయి, చిటికెన వేలు కూడా దూరని సన్నకంత జాలీ, గట్టిది, వెతికి తెచ్చి ఇచ్చాడు. చుట్ట చంకనెత్తుకుని పుష్పావతి బస్టాండుకు నడిచింది. దారిలోనే సుంకులమ్మ ఇల్లు. పోతే కూర్చోబెడుతుంది, కూర్చుంటే బస్సు పోతుంది. పుష్పావతి తల వంచుకుని ముందుకు సాగింది. అది పొరపాటని ఆమెకు అప్పుడు తెలియదు.

ఇంటి ముందు అరుగు వేయగా మిగిలిన బనగానపల్లె నాపబండలు మొత్తం ఐదు, వాకిట్లో పడి ఉన్నాయి. అందులో నాలుగు గూటి నేలకు పరిచింది. రాతిని తవ్వే పన్ను ఏ చుట్టానికీ లేదు. కిటికీకి, తలుపు అంచుకు జాలీ బిగించింది. జొన్నలు, తవుడు మూతున్న రేకుడబ్బాలోకి మారాయి. కోళ్లకు వేసే గింజ పొద్దుగూకేలోపు అవి తినగలిగినంతే. చీకటి పడేసరికి దొడ్లో ఒక్క గింజ కనపడకుండా ఊడ్చేది. చివరికి అటక మీది ఇనుపబోను దించి, వేయించిన చెనిక్కాయలు దంచి ముద్ద చేసి అందులో పెట్టి, తలుపు పడకుండా తాడుతో కట్టేసింది.

ఓబులేసుకు అర్థం కాలేదు. “తలుపు కట్టేస్తే యాడ పడతాయమ్మే? ఉత్తగా తినిపోతాయి.”

“తిననీ. కొత్త వస్తువంటే వాటికి బెదురు. మూడు దినాలు ఆడ తిని మరిగినాక తాడు ఇప్పుతా. బయట మాత్రం చుట్టాలకు గింజ పెట్టేది లేదు. ఇంగ ఎవరన్నా వస్తే బోనులో పడాల్సిందే, మూత పడాల్సిందే.”

గోడవతల ఆదెమ్మ చెవిన పడింది ఈ చివరి రెండు మాటలే.

నాలుగో నాడు తాడు విప్పింది. మొదటి రాత్రి రెండు పడ్డాయి. ఆ తర్వాత రోజుకొకటి. బోనును తొట్టి నీళ్లలో ముంచే పని ఓబులేసుది. మొహం పక్కకు తిప్పుకుని ముంచేవాడు. ఇరవయ్యో రోజు సాయంత్రం నల్లకోడి కింద కిచకిచ వినపడింది. నాలుగు పిల్లలు లేచాయి. తెల్లవారి పుష్పావతి గూడు తలుపు తీసి లెక్కపెట్టింది. నాలుగుకు నాలుగూ ఉన్నాయి. ఇంకా మూడు గుడ్లకు చిల్లులు పడ్డాయి.

కానీ నాపబండ అంచున కొత్త మన్ను పోసి ఉంది. ఆదెమ్మ గోడ కింది నుంచి తవ్వుకుంటూ వచ్చి, రాయి తగిలి, పక్కకు తిరిగిన గుర్తు. గూట్లోకి రాలేవు, సరే. రేపో ఎల్లుండో తల్లి వెనక పిల్లలు నేల మీదికి దిగుతాయి. అప్పుడో?

ఆమె ఆ మన్ను చూస్తుండగానే వాకిట్లో సుంకులమ్మ గొంతు ఉరిమింది. వారం పైన రోజులు లోపలే ఉడికి, పొద్దున మొదటి బస్సుకు వచ్చింది మహాతల్లి.

“సంచి దించు అక్కా,” అన్నాడు ఓబులేసు.

“దించను. దించితే చుట్టమైపోతా. ఈ ఇంట్లో చుట్టాలను బోనులో పెడతారంట గదా!”

ఓబులేసు సంచి అందుకోబోయాడు. “అది నువ్వు కాదక్కా. వేరే చుట్టాలు.”

“ఎవరు? పేర్లు చెప్పు.”

ఆయన అటకవైపు, పెట్టెవైపు చూసుకుని గొంతు తగ్గించాడు. “తోకున్నోళ్లు.”

“విన్నావా పుష్పావతీ! నాకు తోకుందంటాండాడు నీ మొగుడు. ఏం తల్లీ, నంద్యాలకు వచ్చి నా వాకిలి ముందర నుంచే పోయినావంట? పది దినాలు మీ కూడు తిన్నానని నా మొగం చూడబుద్ధి కాలేదా?”

“రాకుండా పోయింది నా తప్పే వదినా. బస్సు పోతాదని రాలేదు. ఆ ఒక్కటి తిట్టు, పడతా. మిగతాది ఈడికొచ్చి చూసినాక తిట్టు,” అని పుష్పావతి ఆమె చెయ్యి పట్టుకుని దొడ్లోకి నడిపించింది.

బోనులో బాగా బలిసినది ఒకటి కూర్చుని మీసాలు దువ్వుకుంటోంది. సుంకులమ్మ దాన్ని చూసింది. తమ్ముణ్ణి చూసింది. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనే. చిన్నప్పుడు ఆ మాట నోరు జారినందుకు తల్లి చేత మొట్టికాయలు తిన్న మనిషి. చేతిలో సంచి దబ్బున నేల మీద పడింది.

“ఓయమ్మా! ఈ చుట్టాలా!” నవ్వు ఆపుకోలేక గూటి గోడ పట్టుకుంది. “ముందే చెప్పకూడదా?”

“గట్టిగా చెప్తే వింటాయి గదక్కా,” అన్నాడు ఓబులేసు.

“ఈ పుకారు ఎవరు పుట్టించినారు వదినా?” అంది పుష్పావతి.

“పాలబూతు కాడ అందరూ అనుకుంటాండారు. మొదలుపెట్టిన నోరు ఎవరిదో తెలియనీ. ఈ బోను తీసకపోయి ఆ నోట్లో బోర్లిస్తా.”

అంతసేపూ గోడ మీద కనపడుతున్న ఆదెమ్మ తల కిందికి దిగింది. అది దిగడం పుష్పావతి చూసింది. బోను మాట తాను అన్నది ఒకే ఒక్కసారి, ఇక్కడే, ఈ గోడ పక్కనే. ఆమె నింపాదిగా గోడ దగ్గరికి పోయి, అవతలికి వంగి, మెల్లగా అడిగింది.

“అక్కా, మా వదినకు పేరు కావాలంట. చెప్పేదా, కట్టెలు తీస్తావా?”

“ఏందీ, బెదిరిస్తాండావా?”

“అడుగుతాండా.”

ఆదెమ్మ గోడ సందులోంచి సుంకులమ్మ భుజాలు చూసింది. గొంతు ఇందాకే వినింది. “తీస్తాలే. రేపు చూద్దాం.”

“రేపటికి నా పిల్లలు నేల మీద ఉంటాయి. ఇప్పుడే. మేమూ పడతాం చెయ్యి.”

ఎందుకు, ఏమిటి అని సుంకులమ్మ అడగలేదు. చుట్టాల మీదికి పోతున్నారని తెలిస్తే చాలు ఆమెకు. కొంగు నడుముకు చుట్టి ముందు ఆమే ఆదెమ్మ దొడ్లోకి నడిచింది. మోపు తర్వాత మోపు అవతలికి పడింది. సగం కుప్ప తగ్గేసరికి గోడ అడుగున పిడికిలి పట్టేంత కన్నం బయటపడింది. ఎవరూ చెప్పకుండానే ఓబులేసు వాకిట్లోకి పోయి, మిగిలిన ఐదో నాపబండ భుజాన మోసుకొచ్చి, ఆ కన్నానికి అడ్డంగా నిలిపి, చుట్టూ రాళ్లు కొట్టి మన్ను మెత్తాడు.

“బండి యాడ పెడతావ్?” అంది పుష్పావతి.

“ఆడ వేపచెట్టు నీడుంది గదా,” అన్నాడు ఆయన, తలెత్తకుండా.

గోడ ఇవతల గూట్లో కిచకిచలు ఎక్కువయ్యాయి. సుంకులమ్మ పోయి తొంగిచూసి, తొమ్మిదని అరిచి చెప్పి, మళ్లీ వచ్చి కట్టెలందుకుంది.

ఇంక అడుగున రెండే మోపులు మిగిలాయి. పుష్పావతి ఒక చివర, సుంకులమ్మ ఒక చివర పట్టి ఎత్తారు. కింద శనగపొట్టు, పత్తి పీచు పరిచిన మెత్తటి పడక. అందులోంచి ఐదో ఆరో బాణాల్లా లేచాయి. గోడవైపు ఉరికి, బండ తగిలి వెనక్కి తిరిగాయి. ఆదెమ్మ పాదాల మీదుగా పోయి, నున్నగా అరిగిన దారి వెంట ఆమె కొట్టం తలుపు కిందికి ఒకదాని వెనక ఒకటి దూరిపోయాయి.

ఆదెమ్మ చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని గెంతింది. “అయ్యయ్యో! పట్టండమ్మా, పట్టండి! అన్నీ మా ఇంట్లోకి పోతాండాయి!”

పుష్పావతి చేతులకంటిన పత్తి పీచు దులుపుకుంది.

“వాటి ఇంటికి అవి పోతాండాయి.”