ఇంకెవరైనా ఉంటున్నారా?

ఆమె బాత్రూమ్ మూలన పాత టూత్‌బ్రష్‌తో నల్లటి బూజు రుద్దుతుంటే ఆయన వచ్చి, తడి తగలని చోట నిలబడి, పన్నెండు పేజీల ఫారం ఆడించాడు.

"ఇది నువ్వే నింపు. ఇంట్లో ఏది ఎక్కడ కారుతుందో నీకే కదా తెలుసు."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన నోట వచ్చిన మొదటి నిజం అనుకుందామె.

ఈ దేశంలో ఇల్లు అమ్మాలంటే దాని లోపాలన్నీ అమ్మేవాళ్ళే రాసివ్వాలి. ఆయనకి అదో పెద్ద జోకు. పొద్దున ఫోన్లో తమ్ముడితో ఒకటే నవ్వు. "మన దగ్గరైతే రంగు కొట్టించి, బీటల మీద క్యాలెండర్ తగిలిస్తే అయిపోయేది కదరా!" అవతలి నుంచి మరిది, "వదినని బాగా తోమమను అన్నయ్యా, రేటు పెరుగుద్ది."

మన దగ్గర మొదటి ఇల్లు అమ్మినరోజూ ఆమె తోముతూనే ఉంది. ముందుగదిలో కొనేవాళ్ళిద్దరు, బ్రోకరు, ఈయన. నాలుగు కాఫీలు ఇచ్చొచ్చింది. ఆ కప్పులు కడిగేలోపు ఇల్లు పోయింది. నాకు చెప్పలేదేం అనడిగితే, "కాఫీ ఇచ్చేటప్పుడు విన్నావుగా," అన్నాడు మహానుభావుడు. ఆమె విన్నది ఒక్కటే మాట, పంచదార తక్కువైందని.

ఇప్పుడీ ఇల్లు అమ్మేసి మరిది ఇంటి వెనక రెండు గదుల్లోకి మారతారట. అదీ ఫోన్లో పక్కనుంచి విన్నదే. అక్కడ మంచాన పడ్డ అత్తగారు, మరిది పిల్లలిద్దరు, ఎప్పుడూ నిండుగా ఉండే సింకు. "రెండు గదులేగా, నీకు పని తగ్గుద్ది," అని పైగా ఓదార్పు.

చేతులు తుడుచుకుని బల్ల దగ్గర కూర్చుంది. వంటింటి పైపు కారడం, వానొస్తే మెట్ల కింద చెమ్మ, పైకెత్తి భుజంతో నెడితే తప్ప మూతపడని వెనక కిటికీ, అన్నీ రాసింది. పద్నాలుగేళ్ళుగా గుడ్డముక్కలతో, బకెట్లతో తను కాపాడుకొచ్చిన కొంప. ఆ కిటికీ ఉన్నట్టే ఆయనకి తెలీదు.

"అంత చరిత్ర ఎందుకే?"

"దాస్తే కేసేస్తారట. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటమ్మ చెప్పింది."

కేసనగానే మగధీరుడు సోఫాలో కూలబడి టీవీ పెట్టుకున్నాడు.

పదో పేజీలో ఒక ప్రశ్న. యజమాని కాక ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఇంకెవరైనా ఉంటున్నారా? ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. చదివి వినిపించింది.

"లేరని రాసెయ్."

"మరి నేనో?"

"నిన్నెక్కడ లెక్కేస్తారే? నువ్వూ నేనూ ఒకటే కదా!"

ఒకటే. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఆయనే.

'ఉన్నారు, ఒకరు' అని రాసింది. కింద ఇంకో ప్రశ్న. ఇల్లు ఖాళీ చేయడానికి వారు ఒప్పుకున్నారా? ఒప్పుకోకపోతే అమ్మకం సాగదని పక్కనే చిన్నక్షరాల్లో ఉంది. రెండుసార్లు చదివింది. ఈ మాట ఆ దేశంలో గానీ ఈ దేశంలో గానీ, పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ ఆమెని ఎవరూ అడగలేదు. ఒక కాగితం అడిగింది.

'లేదు' అని రాసి, పక్కన తన సంతకం పెట్టి, కవరు అంటించి చెప్పులేసుకుంది.

"అయిందా?" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

"అయింది. ఏజెంటమ్మకి నేనే ఇచ్చొస్తాను."

"వచ్చేటప్పుడు పంచదార పట్రా."