ఆమెన్‌కు ముందు

ఆ శనివారం ఇంట్లో కాంతమణి అత్తయ్య ఉంది, లూకా మావయ్య ఉన్నాడు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపలి గదిలో నిద్రపోతున్న షాలేమ్ బావ ఉన్నాడు, బావ భార్య బ్యూలా అక్క ఉంది. గృహకూడికకు వచ్చిన పాస్టరు అయ్యగారు, అమ్మగారు, సంఘపు స్త్రీలు హాలు నిండా ఉన్నారు. వంటింట్లో హదస్సా ఉంది. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే ఆమె పేరు అందరూ చివరనే చెబుతారు. పని పడితే మాత్రం మొదట ఆమె పేరే వస్తుంది.

బాపట్ల దగ్గరి పల్లె నుంచి, బీఏ సైకాలజీ చదవడానికి హైదరాబాదు మౌలాలిలోని మేనత్త ఇంటికి వచ్చింది హదస్సా. "హాస్టలెందుకురా తమ్ముడూ, మా ఇంట్లో పిల్లలా ఉంటుంది," అంది అత్తయ్య. ఇంట్లో పిల్లలా ఉండటమంటే తెల్లారకముందే లేచి పాల ప్యాకెట్లు తేవడం, అంట్లు తోమడం, బావ యూనిఫాం ఇస్త్రీ చేయడం అని మొదటి వారంలోనే తెలిసింది. చదువు సంగతి విని మావయ్య నవ్వాడు. "సైకాలజీనా? అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం." "కాఫీ, మావయ్యా." మావయ్య మెచ్చుకున్నాడు. కాఫీ పెట్టింది ఆమే. ఆ పరిహాసం ఇప్పటికీ రోజూ నడుస్తూనే ఉంది.

ఎంత గోలలో ఉన్నా మనిషి తన పేరు వినబడితే వెంటనే అటు చెవి పెడతాడని క్లాసులో మేడమ్ చెప్పినప్పుడు హదస్సాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. కుక్కర్ కూతల మధ్య, టీవీ మోతలో, నిద్రలో కూడా ఆమెకు తన పేరు వినిపిస్తుంది. ఆ పేరు వెనక ఎప్పుడూ ఒక పని ఉంటుంది.

ఆ రోజు రెండింటికి ప్రాక్టికల్ పరీక్ష. ఎవరినైనా వెంట తీసుకెళ్ళి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఎదుట వాళ్ళ మీద ప్రయోగం చేసి చూపాలి. ఆ మనిషిని సబ్జెక్ట్ అంటారు. బ్యూలా అక్క వస్తానంది. ఇన్నాళ్ళూ వెల్లుల్లి ఒలుస్తూ, బియ్యం ఏరుతూ ఆమే సబ్జెక్ట్‌గా కూర్చుంది. సగం వాక్యం హదస్సా చదివితే మిగతా సగం ఆమె చెప్పాలి.

"నాకు ఇష్టమైన కూర..."

"ఆయనకు మటన్. మామకు గోంగూర."

"నీకు, అక్కా?"

"ఏది మిగిల్తే గది," అని నవ్వింది.

"నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు..."

వెల్లుల్లి ఒలిచే చేయి ఆగింది. "ఎప్పుడున్ననే నేను ఒక్కదాన్ని? దాన్ని ఖాళీ ఉంచు."

పరీక్ష సంగతి పొద్దున చెబితే అత్తయ్య ఉల్లిపాయల బుట్ట ముందుకు తోసింది. "కూడిక రోజే పెట్టారా? ఇంకో రోజు పెట్టమని చెప్పు. భోజనాలయ్యాక చూద్దాంలే." ఇంకో రోజు పెట్టరు అత్తయ్యా, తప్పితే ఏడాది పోతుంది, ఒక్కటి తప్పినా ఇంటికి తీసుకెళ్ళిపోతానని నాన్న ముందే అన్నాడు: ఇదంతా హదస్సా నాలుక దాకా వచ్చింది. ఆమె ఉల్లిపాయలు తరిగింది.

పాటలయ్యాయి. వాక్య ప్రసంగం అయ్యేసరికి పన్నెండు దాటింది. అయ్యగారు ప్రార్థన అంశాలు అడిగారు. ఒకామె మోకాళ్ళ నొప్పి చెప్పింది, ఇంకొకామె కొడుకు ఉద్యోగం చెప్పింది. అందరూ మోకరించి కళ్ళు మూసుకున్నారు. అత్తయ్య గొంతెత్తింది.

"ప్రేమగల తండ్రీ, మా తమ్ముడి బిడ్డ హదస్సాను నీ చేతుల్లో పెడుతున్నాను. పిచ్చివాళ్ళ చదువు చదువుతానంటుంది ప్రభువా."

"అవును ప్రభువా," అన్నారు స్త్రీలు.

"బియ్యం పొయ్యి మీద పెట్టి పుస్తకంలో పడిపోతుంది తండ్రీ. మొన్న అన్నం మాడింది, నీకు తెలుసు. ఈ పరీక్షల మీద భ్రమ తీసెయ్యి. నర్సు ట్రైనింగు వైపు దాని అడుగులు నడిపించు."

"స్తోత్రం!"

వంటింటి గడప దగ్గర మోకరించి ఉంది హదస్సా. ముఖాన చెబితే బదులు చెప్పవచ్చేమో. దేవుడికి చెబుతుంటే మధ్యలో ఎలా మాట్లాడాలి? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు వెనకే ఎప్పటిదో అలసట. కళ్ళు తెరిచింది. హాలంతా వంగిన తలలు, ముసుగులు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. ఆమెన్ అనేదాకా ఎవరూ తెరవరు. అత్తయ్య ప్రార్థన త్వరగా ముగియదు.

ఆమె లేచింది. లేవమని ఎవరూ చెప్పలేదు. తలుపు వెనక ఉన్న బ్యాగు తీసుకుని, వంగిన వీపుల మధ్య నుంచి నడిచింది. ఒక్క మనిషి కళ్ళు తెరిచింది. బ్యూలా అక్క. ఆమె కూడా లేచి వెంటే గుమ్మం దాకా వచ్చింది.

హదస్సా చెప్పులేసుకుని చెయ్యి చాపింది. "రా అక్కా."

బ్యూలా అక్క తల అడ్డంగా ఊపింది. "ఇద్దరం పోతే అన్నాలెవరు వడ్డిస్తరు? ఆడ ఎవరన్న దొరుకుతరు. జెర నోరు తెరిచి అడుగు."

"నిన్ను తిడతారక్కా."

"ఇయ్యాల కొత్తనా?" లోపల అత్తయ్య గొంతు మెత్తబడి ముగింపులోకి వస్తోంది. "గా ఖాళీ ఉంచిన వాక్యం రాస్కో. నేను ఒక్కదాన్నే ఉంటే, ముందుగాల కూసుంట."

"యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము..."

హదస్సా ఇంకేదో అనబోయింది. బ్యూలా అక్క గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, ఆమె ముఖం మీదే తలుపు మూసేసింది.