హాస్టల్ వంటింట్లో తెలిసిన ఫీజు

బోగోలు బడిలో మధ్యాహ్న భోజనం వండే ఎస్తేరమ్మ ఇంటికి జూన్ నెలలో ఒక కాలేజీ మనిషి వచ్చాడు. నెల్లూరు దగ్గరి ఇంజనీరింగు కాలేజీ తరఫున తిరుగుతున్నానన్నాడు. ఆమె కూతురు అబిగయీలుకు వచ్చిన ర్యాంకుకు సీటు ఖాయమనీ, ఫీజు ప్రభుత్వమే కడుతుందనీ, చేతి నుంచి పైసా పడదనీ చెప్పి, రంగురంగుల పుస్తకం ఒకటి ఇచ్చి పోయాడు. అబిగయీలు రెండు రోజులు దాన్ని కింద పెట్టలేదు. ఆమె స్నేహితురాళ్లిద్దరూ అప్పటికే పేర్లు రాయించుకున్నారు.

ఎస్తేరమ్మకు చదవడం రాదు. పైసా పడదన్న మాట మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. బడికి సెలవొచ్చిన శనివారం, కూతురికి చెప్పకుండా బస్సెక్కి ఆ కాలేజీకి వెళ్లింది. ఆఫీసులోనూ అదే మాట చెప్పారు. బయటికి వచ్చి, పోపు వాసన పట్టుకుని హాస్టల్ వెనక్కి నడిచింది. అక్కడ రెబెక్కమ్మ అనే వంటమనిషి ఒక్కతే వంకాయలు తరుగుతోంది. ఎస్తేరమ్మ పక్కన కూర్చుని తనూ ఒక కత్తి అందుకుంది. ఎంతమందికి వండుతారన్న దగ్గర మొదలైన మాటలు మెల్లగా పిల్లల చదువులు, ఫీజుల దాకా వచ్చాయి.

“ఫీజు సర్కారుదే అక్కా, ఆయన అబద్ధం చెప్పలా,” అంది రెబెక్కమ్మ. “హాస్టలుకు ఏడాదికి డెబ్బై వేలు మనమే కట్టాల. పరీక్షలకు, ల్యాబుకు వేరే. పోయినేడు ఒక పిల్ల కట్టలేక మధ్యలో మానుకునింది.”

“నీ బిడ్డ యాడ చదవతా ఉండాది?” అనడిగింది ఎస్తేరమ్మ.

“టౌన్లో గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో. సర్కారు హాస్టల్లోనే ఉండాది.”

ఎస్తేరమ్మ ఆ మధ్యాహ్నమే అక్కడికీ వెళ్లి, ఏయే కాగితాలు కావాలో ఒక గుమాస్తా చేత రాయించుకుని వచ్చింది.

విషయం విని అబిగయీలు అన్నం ముట్టలేదు. అంత ర్యాంకు తెచ్చుకున్నది దేనికని అడిగింది.

“మొదటి ఏడు ఎట్టనో కట్టేస్తా,” అంది తల్లి. “రెండో ఏడు నా వల్ల కాదు. సగం చదువుతో నిన్ను ఇంటికి తెచ్చుకోలేనమ్మా.”

అబిగయీలు టౌన్లోని ఆ గవర్నమెంటు కాలేజీలోనే బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరింది. దసరాకు వచ్చినప్పుడు హాస్టల్ సాంబారు నీళ్లలా ఉంటుందనీ, గదికి ఎనిమిది మందిమనీ చెప్పింది. కాలేజీ బాగుందని మాత్రం అనలేదు. సెలవులు ఇంకా రెండు రోజులుండగానే లైబ్రరీలో పనుందని బయలుదేరింది. ఎస్తేరమ్మ టిఫిను కట్టిచ్చి, బస్సు దాకా వెళ్లి ఎక్కించి వచ్చింది.