పదేళ్ల తర్వాతి బస్సు

మా బావ సిటీబస్సు డ్రైవరు. నేనేం చేస్తానని ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటాడు" అని మర్యాదగా చెబుతాడు. నిజానికి నేను కళాకారుణ్ణి. అక్కా బావల ఇంటి వెనక గదిలో కూర్చుని పదిహేనేళ్లుగా సమాజాన్ని అర్థం చేసుకుంటున్నాను.

కిందటి వానాకాలం, పాత నూలుమిల్లులో పెట్టిన ఆధునిక కళా ప్రదర్శనకు నన్నూ పిలిచారు. ఒక మూల అచ్చంగా బస్సుస్టాపు కట్టాను. ఇనప గొట్టాల మీద రేకు, కింద బెంచీ, పక్కన ఖాళీ తెల్లబోర్డు. బోర్డు నెత్తిన "పదేళ్ల తర్వాత ఇక్కడికొచ్చే బస్సు" అని రాయించాను. ఆ ఖాళీలో మానవుడి అంతులేని నిరీక్షణ ఉందంటూ మూడు పేజీల వివరణ గోడకు అంటించాను. స్టాపు కట్టడానికి నాలుగు రోజులు పడితే, వివరణకు నెల పట్టింది.

మొదటిరోజు మధ్యాహ్నం దాకా నరపురుగు కూడా రాలేదు. తర్వాత వాన దంచికొట్టింది. మిల్లుకు ఎదురుగా ఉన్న ఆస్పత్రి వెనక గేటు నుంచి ఒక పెద్దావిడ, ఎక్స్‌రే కవరు నెత్తిన పెట్టుకుని గబగబా వచ్చి, తిన్నగా నా బెంచీ మీద కూర్చుంది. నా గుండె పొంగిపోయింది.

"ఇక్కడ ఏ నంబరు ఆగుతుంది బాబూ?"

"ఏదీ ఆగదమ్మా. ఇది కళ. మన నిరీక్షణకి..."

"ఆగకపోతే ఎందుకు కట్టారు?"

మూడు పేజీల్లో దీనికి జవాబు లేదు. ఆవిడ బోర్డు చదివింది. ఎవరైనా సంతకం అడుగుతారేమోనని నేను జేబులో పెట్టుకున్న మార్కరు చటుక్కున లాక్కుని రాసింది: "ఆస్పత్రి వెనక గేటు నుంచి గుట్టమీది కాలనీకి. గంటకొకటి. మెట్టు కిందికి ఉండాలి."

వాన తగ్గగానే వెళ్లిపోయింది. నేను గుడ్డ కోసం పరిగెత్తాను.

"తుడిచారంటే మీ మూడు పేజీలూ నేనే చింపేస్తాను" అంది ప్రదర్శన చూసుకునే ఆవిడ.

వారం తిరిగేసరికి బోర్డు నిండిపోయింది. "మా అమ్మ కొట్టు మూసేదాకా ఆగే బస్సు" అని గుండ్రటి బడిపిల్ల రాత. "చక్రాల కుర్చీ ఎక్కే బస్సు." ఒక అంచున సన్నగా, "నేను దిగేదాకా ఎవరూ మీద పడని బస్సు." దాని కింద వేర్వేరు చేతిరాతల్లో "నాకూ", "నాకూ", "నాకూ".

ఇదేదీ నాకు తెలియదు. నేను బస్సెక్కితే బావ వెనక సీటు ఎప్పుడూ నాదే. కిటికీలోంచి సమాజాన్ని చూస్తూ వెళ్లేవాణ్ణి.

సెలవురోజు అక్క బావను లాక్కొచ్చింది. ఆయన బోర్డు మీద పెద్దావిడ రాసిన మొదటి వరుస దగ్గరే ఆగిపోయాడు.

"ఆ గేటు దగ్గర రోజూ చెయ్యెత్తుతార్రా. స్టాపు లేదుగా, ఆపను. రూలు తెలియని జనం అనుకున్నాను" అన్నాడు నెమ్మదిగా. తర్వాత చుట్టూ చూసి, "ఇంతకీ బొమ్మెక్కడ?" అన్నాడు.

"ఇదే బావా."

"ఇది మా డిపోలో ఉండాల్సింది."

మర్నాడు నలుగురు డ్రైవర్లను వెంటబెట్టుకొచ్చాడు. గుట్ట మలుపులో పెద్ద బస్సు తిరుగుతుందా లేదా అని వాళ్లు గంటసేపు కొట్లాడుకున్నారు. గీసి చూపించడానికి కాగితం కావాల్సొచ్చింది. ఒకాయన నా వివరణలోంచి ఒక పేజీ పీకి, వెనకవైపు రూటు గీశాడు. ఆ కాగితమే సంతకాలతో డిపో అధికారి బల్ల మీదికి వెళ్లింది. దాని ముందువైపు ఎవరైనా చదివారేమోనని బావను రెండుసార్లు అడిగాను. ఆయన వినిపించుకోలేదు.

రెండు నెలలు తిప్పించుకున్నాక మూడు నెలలపాటు ఆ రూటులో బస్సు నడిపి చూస్తామన్నారు. ఇచ్చింది మాత్రం ఎత్తు మెట్ల పాత బస్సే. మెట్టు సంగతి తర్వాత చూస్తారట.

మొదటి ట్రిప్పు బావే నడిపాడు. ఆస్పత్రి గేటు దగ్గర నేనూ ఎక్కి, చేతికి కట్టుతో ఉన్న ఒకావిడ పక్కన నిలబడ్డాను. ఎంత బిగబట్టుకున్నా నోరు ఆగలేదు.

"ఈ బస్సు నా కళాఖండం వల్లే వచ్చిందండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీరేనా? మరి ఆదివారం ఎందుకు వెయ్యలేదు?"

అద్దంలో బావ భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి.

"అధికారిని అడుగుతానండీ" అన్నాను.

"నేనూ వస్తాను. ఎప్పుడెళ్దాం?" అంది.